గ్యాస్ సంగతి తర్వాత, ముందు ఔట్‌డోర్ ఫ్యాన్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

మార్చి సగం దాటిందంటే నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు పట్టణాల్లో ఏసీ సరిగ్గా పనిచేయని ప్రతి ఇంట్లోనూ వినపడే మొదటి మాట ‘గ్యాస్ అయిపోయినట్టుంది’. బండిలో పెట్రోలు అయిపోయినట్టు ఏసీలో గ్యాస్ అయిపోదు. రాగి గొట్టాల్లో సీలు వేసి ఉన్న గ్యాస్ అది, ఎక్కడో చిల్లి పడితేనే పోతుంది. చిల్లి వెతక్కుండా గ్యాస్ నింపడమంటే ఓటికుండలో నీళ్లు పోయడమే. అయితే ఈ ఉత్తరం చిల్లుల గురించి కాదు. గ్యాస్ ఖాతాలో రాసేస్తున్న ఇంకో జబ్బు గురించి. అది ఔట్‌డోర్ యూనిట్‌లోని ఫ్యాన్ మోటరు ఆగిపోవడం, లేదా తిరిగీ తిరగనట్టు తిరగడం. రెండు వందల లోపు అయిపోయే సామానుకు వేలల్లో ఖర్చు పెట్టినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాం.

ఈ జబ్బు లక్షణాలు చూడండి. ఏసీ వేసిన ఐదు పది నిమిషాలు గాలి చల్లగానే వస్తుంది. మెల్లగా ఆ చల్లదనం తగ్గిపోతుంది. బయట ‘టక్’మని చప్పుడై కంప్రెసర్ ఆగుతుంది. లోపలి యూనిట్ మాత్రం ఏమీ ఎరగనట్టు ఊదుతూనే ఉంటుంది. అరగంటకో ముప్పావు గంటకో మళ్లీ కాసేపు చల్లగాలి, మళ్లీ టక్. ఫ్యాన్ పూర్తిగా ఆగకుండా నీరసంగా తిరుగుతుంటే తెల్లవారుజామున ఏ లోటూ కనపడదు, మధ్యాహ్నం రెండింటికి చేతులెత్తేస్తుంది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. గదిలోంచి లాగిన వేడిని బయట పారబోసేది ఔట్‌డోర్ వెనక వైపున్న కాయిల్. దాని గుండా గాలిని లాగి ముందుకు తోసేది ఫ్యాన్. మే నెలలో మన దగ్గర ఆ కాయిల్‌కు తగిలే గాలే 43, 44 డిగ్రీలు ఉంటుంది. లోపలి గ్యాస్ అంతకంటే పది పదిహేను డిగ్రీలు వేడిగా ఉంటేనే ఆ వేడి బయటికి పోతుంది. ఫ్యాన్ ఆగితే పోయే దారి మూసుకుపోయి కాయిల్ వేడి, గ్యాస్ ప్రెషర్ రెండూ నిమిషాల్లో పైకెక్కుతాయి. కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి కాగిపోతుంది. దాని నెత్తిమీద నల్ల మూత కింద ఉండే ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్చు తెరుచుకుని కరెంటు ఆపేస్తుంది. ఆ టక్ చప్పుడు దానిదే. కంప్రెసర్ ఇనుప ముద్ద కాబట్టి చల్లారడానికి అంతసేపు పడుతుంది. ఓవర్‌లోడ్ ఉన్నది ఎప్పుడో ఒకసారి కాపాడటానికి. రోజుకు పదిసార్లు దాన్నే నమ్ముకుంటే కంప్రెసర్ వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్లు) మీది ఇన్సులేషన్ మాడి, చివరికి కంప్రెసరే మార్చాల్సి వస్తుంది.

గ్యాస్ తక్కువైందా, ఫ్యాన్ పోయిందా అన్నది ఊహించాల్సిన పని లేదు. ఈ రెండు జబ్బులూ మీటరు మీద ఒకదానికొకటి పూర్తి ఎదురు కనపడతాయి. ఇన్వర్టర్ కాని ఒకటిన్నర టన్ను ఏసీ మామూలుగా ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. యూనిట్ పక్కన అతికించిన చీటీలో అసలు అంకె ఉంటుంది. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూస్తే గ్యాస్ తగ్గిన ఏసీలో అంతకంటే తక్కువ చూపిస్తుంది. ఫ్యాన్ ఆగిన ఏసీలో అంకె కళ్లముందే పెరుగుతూ పోయి, పెరిగీ పెరిగీ కంప్రెసర్ ఆగుతుంది. ప్రెషర్ గేజీ పెట్టినా అంతే, గ్యాస్ పోతే సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే గ్యాస్ ప్రెషర్) పడిపోతుంది, ఫ్యాన్ ఆగితే పడకపోగా పెరుగుతుంది. గ్యాస్ బాగా తగ్గితే ఔట్‌డోర్ దగ్గర సన్న గొట్టం వాల్వు మీద మంచు పేరుకోవచ్చు, ఫ్యాన్ జబ్బులో ఆ మంచు ఉండదు. ఫ్యాన్ ఆగి ఉండగా గ్యాస్ ఎక్కించడం మంటలో నెయ్యి పోయడమే. ప్రెషర్ ఇంకా పెరుగుతుంది తప్ప ఒక్క డిగ్రీ చల్లదనం రాదు. అందువల్ల మెకానిక్ సిలిండర్ దించకముందే ఇంటివాళ్లు అడగాల్సిన మాట ఒక్కటి, ‘ఆంపియర్లు ఎంత చూపించాయి?’

డాబా ఎక్కి చూసేటప్పుడు ఇంకో సులువు ఉంది. సాదా స్ప్లిట్ ఏసీల్లో చాలావాటికి ఔట్‌డోర్‌లో పీసీబీ (ఎలక్ట్రానిక్ బోర్డు) ఉండదు. లోపలి యూనిట్‌లో కరెంటు కలిపి తెంపే స్విచ్చు, అంటే రిలే, పంపిన ఒకే ఫేజు తీగ తీగలు బిగించే టెర్మినల్ పట్టీ దగ్గర చీలి ఒక పాయ కంప్రెసర్‌కు, ఇంకో పాయ ఫ్యాన్‌కు పోతుంది. అంటే కంప్రెసర్ గుయ్యిమని పనిచేస్తూ ఫ్యాన్ ఆగి ఉందంటే కరెంటు అక్కడిదాకా వచ్చినట్టే. రిలే, రిమోట్, లోపలి పీసీబీ అన్నీ ఆరోపణ నుంచి బయటపడ్డట్టే. ఇక మిగిలినవి మూడే. ఫ్యాన్ కెపాసిటర్ (మోటరు తిరగడం మొదలుపెట్టడానికి సాయపడే చిన్న ముక్క), మోటరు, వాటి మధ్య తీగల జాయింట్లు. అలాంటప్పుడు ‘బోర్డు పోయింది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ఫ్యాన్, కంప్రెసర్ రెండూ ఆగి ఉంటే మాత్రం కథ వేరు, లోపలి నుంచి కరెంటే రావడం లేదేమో చూడాలి. ఒకటి గుర్తుంచుకోండి, ఏసీ ఆపి వెంటనే వేస్తే కంప్రెసర్‌కు మూడు నిమిషాల ఆలస్యం పెట్టి ఉంటారు. ఆ మూడు నిమిషాలు ఓపిక పట్టకుండా తీర్పు చెప్పొద్దు.

మూత విప్పేముందు జాగ్రత్త. రిమోట్‌తో ఆపడం ఆపినట్టు కాదు. ఏసీ ఎంసీబీనే దించాలి. గోడ స్విచ్చు కొన్ని ఇళ్లలో ఫేజుకు బదులు న్యూట్రల్‌ను తెంపుతుంది, స్విచ్చు ఆపినా లోపల ఫేజు అలాగే ఉంటుంది. టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. ఎంసీబీ దించిన తర్వాత కూడా కంప్రెసర్ పక్కనుండే పెద్ద కెపాసిటర్‌లో (ఒకటిన్నర టన్నుకు 35 నుంచి 50 మైక్రోఫారడ్ మధ్య ఉంటుంది) చార్జి దాగి ఉండవచ్చు. దాని రెండు కాళ్లకు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నిప్పురవ్వలు లేపడం మన దగ్గర పెద్ద నైపుణ్యం కింద చెలామణి అవుతోంది. దానివల్ల కెపాసిటర్ కాళ్లు కాలతాయి, చేతులకూ మంచిది కాదు. పాతకాలపు వంద వాట్ల పసుపు బల్బును హోల్డర్‌కు పెట్టి, దాని రెండు తీగలు కెపాసిటర్ కాళ్లకు తాకిస్తే రెండు క్షణాల్లో చార్జి దిగిపోతుంది. 20 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ అయినా సరే, దాన్ని కొన్ని సెకన్లు పట్టుకుని ఉంచాలి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు.

కరెంటు తీసేశాక ముందు రెక్కలను చేత్తో తిప్పండి. మంచి మోటరైతే ఒక తోపుకు నాలుగైదు చుట్లు తిరిగి మెల్లగా ఆగుతుంది. గరగరమంటే, బిగుసుకుపోయినట్టు ఆగిపోతే, రెక్కను పట్టి పైకి కిందికి ఆడిస్తే షాఫ్ట్ ఊగితే అది బేరింగ్ జబ్బు. మోటరు షాఫ్ట్ తిరుగుతూ రెక్కలు ఆగి ఉండటం ఇంకో రకం. షాఫ్ట్ మీద ఒక వైపు చదునుగా కోసి ఉంటుంది. ప్లాస్టిక్ రెక్కల మధ్య రంధ్రం అదే ఆకారంలో ఉండాలి. నట్టు వదులై అది గుండ్రంగా అరిగిపోతే షాఫ్ట్ ఒట్టినే తిరుగుతుంది. దీనికి మోటరు మార్చక్కర్లేదు, రెక్కలు మారిస్తే చాలు.

చేత్తో హాయిగా తిరుగుతున్నా కరెంటుకు కదలకపోతే ఇన్వర్టర్ కాని ఏసీల్లో నూటికి ఎక్కువపాళ్లు కెపాసిటర్ పనే. దాన్ని పట్టుకునే పాత పద్ధతి ఒకటుంది. కంప్రెసర్ నడుస్తూ ఫ్యాన్ ఆగి సన్నగా మూలుగుతుంటే, ముందు జాలీలోంచి ఎండిన సన్న కర్రతో రెక్కను ఒక తోపు తొయ్యాలి. వేలు మాత్రం పెట్టకూడదు. తోయగానే అందుకుని తిరిగితే మోటరు బాగున్నట్టు, కెపాసిటర్ పోయినట్టు. కెపాసిటర్ లేని మోటరుకు దిక్కు తెలియదు. ఎటు తోస్తే అటే తిరుగుతుంది, వెనక్కి తోస్తే వెనక్కే. సరైన దిక్కున తిరుగుతోందా అని చూడటానికి మీ పత్రిక పాత సంచికలో సగం పేజీ చాలు. వెనక కాయిల్ దగ్గర పట్టుకుంటే కాగితం వెళ్లి అతుక్కోవాలి. అతుక్కోకుండా ఎగిరిపోతే గాలి తిరగబడినట్టు. ఈ కర్ర పరీక్ష నిమిషంలో ముగించాలి. కర్రతో తోసి రోజులు నెట్టుకొచ్చేవాళ్లకు తర్వాత కాలేది మోటరు వైండింగే.

ఇక ఆ కెపాసిటర్. ఫ్యాన్‌ది చిన్న నల్ల పెట్టెలా ఉంటుంది, రెండు తీగలో రెండు కాళ్లో ఉంటాయి. మోటరును బట్టి 2, 2.5, 3, 4 మైక్రోఫారడ్ ఇలా ఉంటుంది, వోల్టేజి 440 లేదా 450. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర, దానిమీద పల్చటి లోహం పూత. వోల్టేజి ఎగిరిన ప్రతిసారీ ఎక్కడో సూదిమొన అంత పూత కాలిపోతుంది. కెపాసిటర్ చావదు, తనను తాను బాగుచేసుకుంటుంది. కానీ ప్రతిసారీ బలం కొంచెం తరుగుతుంది. ఎండకు కాగే ఇనుప డబ్బాలో ఈ తరుగుడు ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే ఉబ్బలేదు, పగలలేదు, బాగానే ఉందని కంటితో తేల్చకూడదు. కెపాసిటర్ కొలిచే మల్టీమీటరు కావాలి. ఒక కాలు విప్పి కొలవాలి. 2.5 అని రాసి ఉండి 5 శాతం అటూ ఇటూ అని ఉంటే 2.38 నుంచి 2.62 మధ్య చూపించాలి. 2.2 చూపించిందంటే మార్చేయండి. 1.5 చూపించే కెపాసిటర్‌తోనూ ఫ్యాన్ తిరుగుతుంది, వేగం అందుకోదు. మధ్యాహ్నం మొరాయించే ఏసీల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే.

2.5 ఉన్నచోట దుకాణంలో అది లేదని 4 వేసి ‘ఇంకా జోరుగా తిరుగుతుంది’ అని సర్దిచెప్పడం తప్పు. ఈ మోటర్లలో ఎక్కువ వాటికి ఆరు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉంటాయి. మన 50 హెర్ట్జ్ కరెంటుకు నిమిషానికి వెయ్యి చుట్లు దాటడం వాటికి ఎలాగూ కుదరదు, నిజానికి తిరిగేవి ఎనిమిది తొమ్మిది వందలే. కెపాసిటర్ పెంచితే వేగం పెరగదు. కెపాసిటర్ కలిపి ఉన్న రెండో వైండింగ్‌లో కరెంటు పెరిగి ఒక ఎండాకాలంలో మోటరు మాడుతుంది. సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్ వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. అంకె, వోల్టేజి సరిగ్గా అవే అయితే తిరగడానికి అడ్డేమీ లేదు. కానీ దానిమీద వేడి పరిమితి చూడండి. 70 డిగ్రీలని ఉంటే రాత్రి గడవడానికి సరే, 85 డిగ్రీలది దొరకగానే మార్చాలి.

కొత్త కెపాసిటర్ వేసినా కదలకపోతే వైండింగ్ కొలవాలి. సాదా మోటరు నుంచి మూడు తీగలు వస్తాయి. రంగులు ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి రంగును నమ్మకుండా మోటరు మీది బొమ్మ చూడండి. జతలుగా మూడుసార్లు ఓమ్స్ కొలిస్తే మూడింటిలో పెద్ద అంకె మిగతా రెండింటి మొత్తానికి సమానం కావాలి. ఉదాహరణకు 180, 220 వస్తే మూడోది 400 దగ్గర ఉండాలి. లెక్క కుదరకపోతే వైండింగ్‌లో లోపం ఉన్నట్టు. అసలేమీ చూపించకపోతే తెగినట్టు. కానీ ఇక్కడ తొందరపడొద్దు. మోటరు లోపల వేడికి తెరుచుకునే చిన్న రక్షణ ముక్క ఉంటుంది. కాలుతున్న మోటరును కొలిస్తే మంచిదీ తెగినట్టే చూపిస్తుంది. గంట చల్లారనిచ్చి మళ్లీ కొలవండి. చివరగా ఒక్కో తీగకూ మోటరు ఇనుప ఒంటికీ మధ్య కొలవాలి. అక్కడ ఏ రీడింగూ రాకూడదు. వస్తే ఆ మోటరును ఒక్క నిమిషం కూడా నడపకూడదు, ఔట్‌డోర్ స్టాండు ముట్టుకున్నా షాక్ కొడుతుంది.

బేరింగుల విషయంలో మన ప్రాంతానికి తన లెక్క ఉంది. మిర్యాలగూడలో రైస్‌మిల్లుల ఊక దుమ్ము, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు పొడి, పత్తి వచ్చే నెలల్లో జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల గాలిలో తేలే దూది. ఇవన్నీ నూనెతో కలిస్తే సానపెట్టే పిండి తయారవుతుంది. బాల్ బేరింగ్ అయితే దానిమీదే నంబరు చెక్కి ఉంటుంది, అదే నంబరు, రెండు వైపులా మూత ఉన్నది వేయాలి. రెక్కలు విప్పేటప్పుడు ఒక మెలిక ఉంది. చాలా యూనిట్లలో ఆ నట్టుకు ఎడమ మర ఉంటుంది, కుడివైపు తిప్పితే వదులవుతుంది. తెలియక పానాతో బలంగా బిగించి మర చెడగొట్టిన మోటర్లు స్క్రాప్ దుకాణాల్లో బోలెడు. తుప్పు పట్టి రాకపోతే తుప్పు వదిలే నూనె కొట్టి అరగంట ఆగాలి. సుత్తి దెబ్బ వేస్తే షాఫ్ట్ వంగుతుంది, ఆ తర్వాత ఎన్ని బేరింగులు మార్చినా వణుకు పోదు.

లో వోల్టేజి గురించి ఒక్క మాట. వోల్టేజి 230 నుంచి 180కి పడితే మోటరు బలం దాదాపు 40 శాతం తగ్గుతుంది, ఎందుకంటే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. కాస్త బిగిసిన బేరింగ్, కాస్త తగ్గిన కెపాసిటర్ మామూలుగా నెట్టుకొస్తాయి, వోల్టేజి పడిన సాయంత్రం మాత్రం నెట్టుకురావు. స్టెబిలైజర్ ఉందని నిశ్చింతగా ఉండకండి. కంప్రెసర్ నడుస్తుండగా దాని ఔట్‌పుట్ కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడు చూపించే అంకె లెక్కలోకి రాదు.

మోటరు మార్చక తప్పనప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. వాట్లు, నిమిషానికి తిరిగే చుట్లు, కెపాసిటర్ అంకె, షాఫ్ట్ మందం, పొడవు, బిగించే కాళ్ల దూరం ఇవన్నీ కలవాలి. అన్నిటికంటే ముఖ్యం తిరిగే దిక్కు. రెక్కల వంపు ఒక దిక్కుకే చేసి ఉంటుంది. బిగించాక మోటరు తీగను నేరుగా పైకి తీయకుండా కిందికి ఒక వంపు తిప్పి తీయాలి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లేకపోతే తీగ వెంబడే లోపలికి దిగుతుంది. రీవైండింగ్ చవకే. కానీ ప్లాస్టిక్ ముద్దలో పోతపోసిన మోటర్లకు అది కుదరదు. ఇనుప ఒళ్లు ఉన్నవాటికైనా వార్నిష్ సరిగ్గా ఆరబెట్టే చోటే చేయించాలి.

ఇన్వర్టర్ ఏసీలకు పైన చెప్పిన కర్ర పరీక్ష, కెపాసిటర్ లెక్క వర్తించవు. వాటిలో ఎక్కువగా బీఎల్‌డీసీ మోటరు (ఎలక్ట్రానిక్ బోర్డు నడిపే డీసీ మోటరు), ఐదు తీగలు. సాధారణంగా ఎరుపులో 310 వోల్టుల పైన డీసీ, నలుపు గ్రౌండ్, తెలుపులో 15 వోల్టులు, పసుపులో వేగం చెప్పే చిన్న వోల్టేజి, నీలంలో మోటరు తిరుగుతోందని బోర్డుకు చెప్పే సంకేతం. కరెంటు ఉండగా ఈ కనెక్టర్‌ను పీకడం, పెట్టడం అస్సలు చేయకూడదు. ఆ ఒక్క క్షణంలో మోటరు లోపలి ఐసీ, బోర్డు రెండూ పోవచ్చు. ఎంసీబీ దించి, బోర్డు మీది దీపం పూర్తిగా ఆరేదాకా, కనీసం పది నిమిషాలు ఆగాలి. తర్వాత కనెక్టర్ తీసి మోటరు వైపు ఎరుపుకూ నలుపుకూ, తెలుపుకూ నలుపుకూ మధ్య కొలవండి. రెండింటిలో ఏది షార్ట్ చూపించినా మోటరు పోయింది. అలాంటి మోటరును అలాగే ఉంచి కొత్త బోర్డు వేస్తే కొత్త బోర్డూ పోతుంది. షార్ట్ లేకపోతే కనెక్టర్ మళ్లీ పెట్టి, ఆ తర్వాతే కరెంటు ఇచ్చి, బోర్డు నుంచి 310, 15, పసుపు మీది వోల్టేజి వస్తున్నాయో లేదో చూడాలి. మూడూ వస్తూ ఫ్యాన్ కదలకపోతే తప్పు మోటరుది. తిరిగి కొన్ని సెకన్లకే ఆగి లోపం నంబరు చూపిస్తే నీలం తీగ సంకేతాన్ని అనుమానించండి. కొన్ని మోడళ్లలో మూడే తీగలుంటాయి, అక్కడ మూడు జతల ఓమ్స్ సమానంగా ఉండాలి.

మన దగ్గర ఎండకు జాలిపడి ఔట్‌డోర్ మీద తడి గోనెసంచులు కప్పుతారు. నీడ మంచిదే, కానీ రెండడుగుల ఎత్తున రేకు వేస్తే సరిపోతుంది. సంచి గాలిని ఆపుతుంది, కారే నీరు మోటరులోకి, టెర్మినల్ పట్టీలోకి పోతుంది. రెండు గోడల మధ్య జానెడు సందులో బిగించిన యూనిట్‌కు ఎంత మంచి మోటరు పెట్టినా ఊదిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. వెనక కనీసం జానెడు, ముందు రెండడుగులకు పైన ఖాళీ ఉండాలి. కాయిల్ కడిగేటప్పుడు మోటరుకు పాలిథిన్ కవరు చుట్టి, లోపలి నుంచి బయటికి, మెల్లటి ధారతో కడగాలి. బండ్లు కడిగే ప్రెషర్ పంపు పెడితే కాయిల్ మీది సన్న రేకులు వాలిపోయి గాలి దారి మూసుకుంటుంది. మన బోరునీళ్లు ఆరాక తెల్లటి పొర వదులుతాయి. చివరి రెండు బకెట్లు మంచినీళ్లు పోస్తే మంచిది.

మరొక్క సంగతి, బిల్లు గురించి. మన దుకాణాల్లో కెపాసిటర్‌ను కండెన్సర్ అనే అలవాటు ఉంది. ఏసీలో కండెన్సర్ అంటే వెనకుండే పెద్ద కాయిల్. ‘కండెన్సర్ మార్చాం’ అని రాసిన బిల్లులో రెండు వందల ముక్క ఉందో, వేల రూపాయల కాయిల్ ఉందో ఎవరికీ తెలియదు. ‘ఫ్యాన్ కెపాసిటర్, 2.5 మైక్రోఫారడ్, 440 వోల్ట్’ అని రాయించుకోండి, తీసేసిన పాతదాన్ని అడిగి తీసుకోండి. మళ్లీ అవసరమైనప్పుడు ఏ అంకె వేయాలో దానిమీదే ఉంటుంది.

ఇట్లు,
ఏసీలు బాగుచేసే కొందరు పనివాళ్లు,
నల్లగొండ